మాటకింతా, ఉమ్మడి హుండీనా, డబ్బిచ్చి మలుపా: లైవ్ రాత పోటీలో విరాళాలకు ఏది మేలు?

లైవ్‌లో రాత పోటీలు పెట్టేవాళ్ళు ఈ మధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు. పోటీ నడపడం వాళ్ళకి కొత్తేమీ కాదు. డబ్బు ఏ సేవా సంస్థకి వెళ్ళాలో కూడా తేల్చేసుకుంటున్నారు. విరాళాల రూల్ రాయబోయేసరికి ఆగిపోతున్నారు. రాసిన ప్రతి మాటకీ ఇంత అని దాతల చేత ఒప్పించుకోవాలా? ఒక ఉమ్మడి హుండీ పెట్టి టార్గెట్లు చూపించాలా? లేదంటే చూసేవాళ్ళు డబ్బిచ్చి కథలో ఒక మలుపో, పాత్రకి ఒక పేరో పెట్టించుకునే వీలు ఇవ్వాలా? ఎంట్రీ ఫీజు, లక్కీ డ్రా, వేలం గురించి కూడా అడుగుతున్నారు గానీ వాటికి చివర్లో రెండు ముక్కలు చాలు.

దేనికి ఎక్కువ డబ్బు వస్తుందన్నది చాలామంది మొదట వేసుకునే లెక్క. అది తప్పని అనను, సేకరించేదే అందుకు కదా. కానీ నేను ముందు చూసేది వేరే. ఇచ్చిన డబ్బు పోటీదారు రాతని ముట్టుకుంటుందా, లేదా? పోటీ అన్నాక ఒకరు గెలుస్తారు, మిగిలినవాళ్ళు ఓడిపోతారు. ఓడినవాళ్ళు ‘ఈసారి నా కథ తేలిపోయింది’ అనుకుంటూ వెళ్ళాలి గానీ, ‘వాడి ఫ్రెండ్స్ దగ్గర డబ్బుంది’ అనుకుంటూ వెళ్ళకూడదు. రెండోది ఒక్కసారి చాట్‌లో పడిందంటే ఆ పోటీకి మళ్ళీ మంచి రచయితలు రారు.

ఈ లెక్కన చూస్తే అన్నిటికన్నా ఊరించేదీ, అన్నిటికన్నా ప్రమాదమైనదీ డబ్బిచ్చి మలుపు కొనుక్కోవడం. ఇది గేమింగ్ స్ట్రీముల నుంచి వచ్చిన అలవాటు. విరాళాల కోసం ఆటల్ని వీలైనంత వేగంగా ముగించే, 2010లో మొదలైన గేమ్స్ డన్ క్విక్ మారథాన్‌లలో దాతలు డబ్బిచ్చి పాత్రకి పేరు పెట్టిస్తారు, రెండు దారుల్లో ఏది పట్టాలో పోటాపోటీగా డబ్బు వేసి తేలుస్తారు. సూపర్ మెట్రాయిడ్ ఆట చివర్లో జంతువులని కాపాడాలా వదిలెయ్యాలా అన్న గొడవ అక్కడ ఏళ్ళ తరబడి నడుస్తోంది. కాపాడితే ఆటగాడికి కొన్ని సెకన్లు పోతాయి. పోతే పోయాయి, అక్కడ ప్రైజు కోసం ఎవరూ ఆడటం లేదు, చూసేవాళ్ళకి అదొక సరదా. మన పోటీలో మాత్రం అవతల జడ్జిలు మార్కులు వేస్తున్నారు.

ఎలా ఉంటుందో ఊహించుకోండి. మూడు గంటల కథల పోటీ, ఐదుగురు రాస్తున్నారు. ఇంకా నలభై నిమిషాలుంది. ఒకావిడ చాలా నెమ్మదిగా, తండ్రి పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్న ఇద్దరు అన్నదమ్ముల మధ్య మౌనాన్ని రాస్తోంది. అలమరలో కళ్ళజోడు దొరికిన చోటికి వచ్చింది. అంతలో తెర మీద గంట మోగింది: ‘విరాళం అందింది! వచ్చే పేరాలో మాట్లాడే చిలుక రావాలి!’ చాట్ నిండా నవ్వుల బొమ్మలు. ఆవిడ కర్సర్ అక్కడే కొట్టుకుంటూ ఉండిపోయింది. పక్క కిటికీలో హాస్య కథ రాస్తున్న కుర్రాడికి అదే చిలుక తగిలితే వరం. వాడు రెండు నిమిషాల్లో ఇరికించేసి ముందుకెళ్ళిపోతాడు. ఇద్దరికీ ఒకటే రూల్, ఇద్దరికీ ఒకటే చిలుక. నష్టం మాత్రం ఒకరికే.

పైగా ఎక్కువమంది చూసేది ఎవరిని? పేరున్నవాళ్ళని. కాబట్టి ఎక్కువ దెబ్బలు పడేదీ వాళ్ళకే. తమకి నచ్చిన రచయిత గెలవాలని ఎదుటివాడి కథలో చిలుకల మీద చిలుకలు కొనిపెట్టే అభిమానులూ ఉంటారు. సేవ పేరుతో డబ్బిచ్చారు కాబట్టి ఎవరూ ఏమీ అనలేరు కూడా.

ఈ పద్ధతి అసలే వద్దని చెప్పను, సరదా అంతా ఇందులోనే ఉంది మరి. కాకపోతే మూడు కట్టుబాట్లు పెట్టుకోండి. డబ్బుతో కొనేది అందరికీ ఒకేసారి వర్తించాలి. అది నిర్వాహకులు ముందే తయారు చేసుకున్న జాబితాలోంచే రావాలి, దాత సొంతంగా టైప్ చేసింది కాకూడదు. లైవ్‌లో అపరిచితుడి చేతికి మైకు ఇస్తే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, పోటీ గడియారం మొదలయ్యే లోపే ఆ బేరం ముగిసిపోవాలి. కథాంశం ఏదో డబ్బు వేసి తేల్చండి, మొదటి వాక్యం ఏదో తేల్చండి. గంట కొట్టాక ఎవరి పేజీ జోలికీ ఎవరూ పోకూడదు. ప్రైజు లేని సరదా రాత మారథాన్ అయితే ఈ రూల్స్ ఏవీ అక్కర్లేదు, చిలుకల్ని ఎన్నైనా ఎగరేసుకోండి.

మాటకింత పద్ధతి పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది. నడక, పరుగు పందేల్లో కిలోమీటరుకి ఇంత అని పూచీ తీసుకునే ఆనవాయితీ పాతదే. రాతలోనూ ఉంది. అమెరికాలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితలకి శిక్షణ ఇచ్చే క్లారియన్ వెస్ట్ వాళ్ళు ఏటా వేసవిలో, తమ ఆరు వారాల వర్క్‌షాప్ నడుస్తుండగా రైట్-ఎ-థాన్ పెడతారు. రాసేవాళ్ళు లక్ష్యం పెట్టుకుంటారు, తెలిసినవాళ్ళు మద్దతుగా డబ్బిస్తారు, అది వర్క్‌షాప్‌కి పోతుంది. కానీ అక్కడ ఎవరి లక్ష్యం వాళ్ళదే, పక్కవాళ్ళతో పోటీ లేదు.

పోటీలో మాటకింత పెట్టారంటే రచయితకి ఇద్దరు యజమానులు తయారవుతారు. జడ్జి బిగువు అడుగుతాడు, దాత బరువు అడుగుతాడు. ఒక పేరా కొట్టేస్తే కథ బాగుపడుతుందని రచయితకి తెలుసు. కొట్టేస్తే పిల్లల ఆసుపత్రికి వెళ్ళాల్సిన డబ్బు తగ్గుతుందనీ తెలుసు. ఆ టెన్షన్‌లో రాసినవాళ్ళ కథ చూడండి, చివరి పది నిమిషాల్లో ‘చాలా చాలా’లు, అక్కర్లేని ‘అప్పుడు ఆమె మెల్లగా లేచి నిలబడి’లు బారులు తీరతాయి. ఎవరూ మోసం చెయ్యలేదు. డబ్బు మాత్రం పేజీని ముట్టుకుంది.

తెలుగులో దీనికి ఇంకో తిరకాసుంది. ‘వెళ్ళిపోవాల్సివచ్చింది’ అని కలిపి రాస్తే సాఫ్ట్‌వేర్ లెక్కలో ఒక్క మాట. ‘వెళ్ళి పోవాల్సి వచ్చింది’ అంటే మూడు. ఒకే కథని కలిపి రాసే అలవాటున్నవాళ్ళు, విడగొట్టి రాసేవాళ్ళు రాస్తే లెక్కలో ఎంత తేడా వస్తుందో చూడండి. దాని మీద డబ్బు లెక్కగట్టడం ఎలా? అక్షరాల లెక్క కాస్త నయం గానీ, ‘అక్షరానికి ఇంత’ అంటే దాతకి మనసులో ఏ అంచనా దొరకదు.

నెల రోజుల్లో నవల రాసే నానోరైమో 1999లో మొదలై, 2000 నుంచి నవంబరు నెలకి 50,000 మాటల లక్ష్యంతో నడిచి 2025లో మూతపడింది. అక్కడ గెలుపు ఎవరి నిజాయితీ మీద వాళ్ళదే, ఎందుకంటే గెలిచినా ప్రైజు లేదు. మాటకి డబ్బు కట్టిన రోజున ఆ నమ్మకం ఒక్కటే సరిపోదు. లెక్క చూసేది నిర్వాహకులే అయ్యుండాలి, గంట కొట్టిన క్షణానికి తెర మీదున్న సంఖ్యే చివరిది కావాలి, బయటి నుంచి తెచ్చి అతికించిన ముక్క లెక్కలోకి రాకూడదు. దాతకి గరిష్ఠ పరిమితి తప్పనిసరి. రాత ఊపందుకుని అనుకున్నదానికి మూడింతలు రాసేస్తే, ఉత్సాహంగా మాటిచ్చిన స్నేహితుడు ఫోన్ ఎత్తడం మానేస్తాడు. పోటీ అయ్యాక వసూలు చేసే డబ్బుకి ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే.

ఎవరిదో కష్టం చూసి దానికి తగ్గట్టు ఇవ్వాలన్న కోరిక దాతల్లో ఉంటుంది, దాన్ని కాదనలేం. అలాంటివాళ్ళ కోసం మాటకి బదులు కూర్చున్న గంటకి ఇంత అనో, పూర్తి చేసిన కథకి ఇంత అనో పెట్టండి. అది రాతని సాగదీయదు.

ఇక ఉమ్మడి హుండీ. చప్పగా ఉంటుందని దీన్ని మొదట్లోనే పక్కన పెట్టేస్తారు. నా ఓటు మాత్రం దీనికే. అందరి పేరు మీదా ఒకటే లింకు, ఒకటే మొత్తం, తెర మూలన పెరిగే ఒకటే గీత. టార్గెట్ దాటినప్పుడు జరిగే తమాషా పోటీదారుల మీద కాకుండా నిర్వాహకుల మీదో జడ్జిల మీదో పడాలి. మొదటి టార్గెట్‌కి యాంకర్ తన చిన్ననాటి కవిత చదవాలి. రెండోదానికి జడ్జి లైవ్‌లో పది నిమిషాలు కథ రాయాలి, దానికి పోటీదారులు తర్వాత మార్కులు వేస్తారు. నన్నడిగితే, చూసేవాళ్ళు డబ్బు ఎక్కువగా తీసేది ఈ రెండోదానికే. జడ్జి తడబడుతుంటే చూడాలని ఎవరికుండదు?

డెజర్ట్ బస్ ఫర్ హోప్ అనే స్ట్రీమ్ 2007 నుంచి నడుస్తోంది, వచ్చిన డబ్బు చైల్డ్స్ ప్లే సంస్థకి వెళ్తుంది. అక్కడ విరాళాలతో కొనేది వీడియో గేమ్ ఆట సాగే సమయం. మొదటి గంట ఒక డాలరు, ఆపైన ప్రతి గంటా ముందు గంటకన్నా 7 శాతం ఎక్కువ. మొదట్లో ఎవరైనా కొనగలరు, పోను పోను అందరూ కలిస్తేనే గంట కదులుతుంది. పోటీ అయిపోయాక జడ్జిల చర్చ ఎంతసేపు లైవ్‌లో సాగాలో ఇదే లెక్కతో అమ్మి చూడండి. పోటీ సమయాన్ని మాత్రం ఇలా పెంచకండి, మూడు గంటలకని గుండె కూడగట్టుకుని వచ్చినవాళ్ళకి నాలుగో గంట శిక్ష.

హుండీకి ఉన్న అసలు లోపం, సొంత మనిషికి అండగా ఇచ్చానన్న తృప్తి దాతకి ఉండదు. దానికి మందుంది. పోటీదారులకి విడివిడి లింకులు ఇవ్వండి, కానీ ఎవరి ద్వారా ఎంత వచ్చిందో ఫలితాలు చెప్పేదాకా తెర మీద పెట్టకండి. జడ్జిలకి అసలే తెలియకూడదు. వీలైతే కథలు పేర్లు తీసేసి వాళ్ళకి పంపండి. ఎక్కువ సేకరించినవాళ్ళకి విడిగా ఒక గుర్తింపు ఇవ్వచ్చు, అది కథ ప్రైజుతో కలవకూడదు.

ఏ పద్ధతి తీసుకున్నా డబ్బు నడిచే దారి వేరే విషయం, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. చూసేవాళ్ళు యూట్యూబ్ సూపర్ చాట్‌లో ఇస్తే అందులో 70 శాతమే ఛానెల్‌కి వస్తుంది. ట్విచ్ అనే లైవ్ స్ట్రీమింగ్ సైటులో చూసేవాళ్ళు కొని ఇచ్చే టోకెన్లు బిట్స్, వాటిలో స్ట్రీమర్‌కి చేరేది బిట్‌కి ఒక సెంటు, కొన్నవాళ్ళు అంతకన్నా ఎక్కువే కట్టి ఉంటారు. ఈ రెండూ ముందు మీ ఖాతాలోకి వస్తాయి, అంటే కాగితం మీద అది మీ ఆదాయం. దాతకి సంస్థ నుంచి రశీదు రాదు. అందుకే నేరుగా సంస్థకి చేరే దారే మేలు. సంస్థ సొంత డొనేషన్ పేజీ గానీ, టిల్టిఫై లాంటి విరాళాల సైటు గానీ, ట్విచ్‌లోని ఛారిటీ సాధనం గానీ వాడండి. ట్విచ్ సాధనంలో డబ్బు పేపాల్ గివింగ్ ఫండ్ ద్వారా వెళ్తుంది, ట్విచ్ అందులో వాటా తీసుకోదు. ‘సూపర్ చాట్‌లు కూడా సంస్థకే ఇస్తాం’ అని లైవ్‌లో నోరు జారకండి. చెప్పాలనుకుంటే కోత పోగా వచ్చిందా, కోతకి ముందు మొత్తమా అన్నది రూల్‌లో రాయండి. సంస్థని ముందే అడిగి, పేరూ లోగో వాడుకోవడానికి రాతపూర్వకంగా సరే అనిపించుకోండి.

మిగిలినవి. ఎంట్రీ ఫీజుని విరాళమని పిలవకండి, అది ఫీజే. ప్రైజుకి అవకాశం కొనుక్కున్నట్టు లెక్క. లక్కీ డ్రా చాలా దేశాల్లో లాటరీ చట్టం కిందకి వస్తుంది, అనుమతి కావాలి. అమెరికాలో ఆ టికెట్ డబ్బుకి పన్ను మినహాయింపు లేదు, బ్రిటన్‌లో విరాళం మీద సంస్థకి ప్రభుత్వం నుంచి పన్ను వెనక్కొచ్చే గిఫ్ట్ ఎయిడ్ రాదు. వేలం ఫరవాలేదు, అమ్ముతున్నది రాతప్రతి మాత్రమేననీ కథ హక్కులు రచయితవేననీ ఒక్క లైను రాసుకుంటే చాలు. ఇక డబ్బుకో ఓటు చొప్పున ప్రేక్షకుల అవార్డు తేల్చడం, దాని గురించి మాట్లాడటానికే నాకు ఓపిక లేదు.

రూల్స్ పేజీ పొడుగ్గా అక్కర్లేదు. డబ్బు ఏ సంస్థకి, ఏ దారిలో వెళ్తుంది, ఎప్పటిదాకా తీసుకుంటారు, విరాళానికీ ఫలితానికీ సంబంధం లేదు, లెక్క ఏ రోజున ఎక్కడ పెడతారు. ఇవి ఉంటే చాలు. ఇంకొకటి చాలామంది వదిలేస్తారు. కరెంటు పోయో, నెట్ పడిపోయో పోటీ మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా వచ్చిన డబ్బు సంస్థకే ఉండిపోతుందని ముందే రాసిపెట్టండి. కార్డు మీద ఇచ్చినవాళ్ళు బ్యాంకుకి ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి లాక్కునే గడువు నెలల తరబడి ఉంటుంది కాబట్టి, లైవ్ ముగిసిన రాత్రి తెర మీద కనిపించిన అంకెని ‘ఇప్పటివరకు’ అనే చెప్పండి. ‘మొత్తం’ అన్న మాట సంస్థ నుంచి కాగితం వచ్చాక వాడండి.