మైసూరు నుంచి ఉడుపి దాకా, వండని వంటల కోసం

మా ఇంట్లో రాత్రిపూట పొయ్యి వెలిగించం. మొలకలు, కీరా, కొబ్బరి, పండ్లు, అంతే. నాలుగేళ్ల అలవాటు ఇది. ఊరు దాటితే మాత్రం ప్రతిసారీ తప్పేది. ఈసారి అమ్మా, నేనూ ఆరు రోజులు మైసూరు, ఉడుపి వెళ్తూ తప్పనివ్వకూడదని గట్టిగా అనుకున్నాం. కర్ణాటక అయితే కుదురుతుందనిపించడానికి కారణం కోసంబరి. మనం శ్రీరామనవమికి వడపప్పు, పానకం చేసుకుని మళ్లీ ఏడాది దాకా వాటి ఊసెత్తం. వాళ్లు అదే నానిన పెసరపప్పులో కీరా, కొబ్బరి కలిపి కోసంబరి చేసి, పెళ్లి భోజనాల్లో కూడా విస్తట్లో ముందే వడ్డిస్తారు.

మూడు పూటలా పచ్చివే తిందామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. 1929లో గాంధీజీ రాజమండ్రి ప్రకృతి వైద్యుడొకరి మాట మీద కొన్ని నెలలు వండని తిండి మీదే ఉండి, చివరికి విరేచనాలు పట్టుకుని మానేశారు. అది గుర్తొచ్చి నేనూ తగ్గాను. రోజుకొక పూట పచ్చిది, మిగతావి మామూలు భోజనం అనుకున్నాం.

కాచిగూడలో సాయంత్రం రైలెక్కితే పొద్దున్నే మైసూరు. మేం దిగిన లాడ్జి గది శుభ్రంగా ఉంది, మంచినీళ్లు బాగున్నాయి. టిఫిన్ దగ్గరే మనసు విరిగింది. పండ్ల ముక్కల పళ్లెం రాత్రే కోసి ఫ్రిజ్‌లో పెట్టినట్టుంది, బొప్పాయి నోట్లో పెట్టుకుంటే ఉల్లిపాయ వాసన. చెబితే వినిపించుకున్నవాళ్లు లేరు. ఆ రోజు నుంచి కోసిన పండు బయట ముట్టుకోలేదు. చిన్న చాకు, పళ్లెం సంచిలో పెట్టుకుని దేవరాజ మార్కెట్‌కు వెళ్లాం. అక్కడి అరటిపండ్ల వరస చూడాలి! నంజనగూడు రసబాళె అడిగి తీసుకోండి. తొక్క నల్లబడినా లోపల పండు గట్టిగా ఉంటుంది, కాబట్టి ప్రయాణానికి దానికి మించినది లేదు.

మధ్యాహ్నం మామూలు భోజన హోటల్లో విస్తరి అంచున రెండు చెంచాల కోసంబరి వేశారు. ఇంకొంచెం కావాలంటే వడ్డించే అబ్బాయి గిన్నెడు తెచ్చి పెట్టాడు, అదనంగా డబ్బులు కూడా తీసుకోలేదు. మర్నాడు అక్కడికే రెండు దాటాక వెళ్తే అదే కోసంబరి నీళ్లు కారుతోంది. ఉప్పు పడ్డాక కీరా నీరు వదిలేస్తుంది కదా. పన్నెండున్నరకల్లా వెళ్లడం మంచిది.

ఉడుపిలో మల్పె సముద్రం దగ్గర ఒక హోమ్‌స్టేలో మూడు రోజులున్నాం. గది చిన్నది, ఏసీ లేదు, మధ్యాహ్నం ఉక్కపోత. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. ఇంటావిడకు తెలుగు రాదు, మాకు కన్నడ అంతంతమాత్రం. ‘హసి’ అంటే పచ్చిది అనే ఒక్క మాటతో నెట్టుకొచ్చాం. రెండో రోజు ఆవిడ పెరట్లోకి తీసుకెళ్లి బావి గట్టు పక్కన పాకిన ఆకు చూపించింది. ఒందెలగ అంది. అమ్మ వంగి చూసి, "ఇది మన సరస్వతి ఆకే!" అంది.

ఇంటావిడ గుప్పెడు ఆకు కోసి మూడు నీళ్లలో కడిగింది. మామూలుగా జీలకర్ర, మిరియాలు నేతిలో వేయిస్తారట, మా కోసం పచ్చివే వేసింది. పచ్చికొబ్బరి, పచ్చిమిర్చితో కలిపి మెత్తగా రుబ్బి చిక్కటి మజ్జిగలో కలిపింది. అదే తంబుళి. లేత ఆకుపచ్చ రంగు, మొదట కాస్త వగరు, తర్వాత కొబ్బరి తీపి. ఆ వేడిలో గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది. అమ్మ రెండు గ్లాసులు తాగింది. పక్కనే ఉన్న రిసార్టులో ముందురోజు సలాడ్ అని ఐస్‌బర్గ్ లెట్యూస్ ఆకులు, సీసాలోంచి పిండిన సాస్ తిని 380 రూపాయలు కట్టాం. దాన్ని దీనితో పోల్చడానికే మనసొప్పదు.

తిరిగొచ్చాక ఇంట్లో రాత్రి భోజనం మారింది. పెసరపప్పు గంట నానబెట్టి నీళ్లు పూర్తిగా వార్చేస్తాను. కీరా ముక్కలు, కొబ్బరి కోరు, కొత్తిమీర, పచ్చిమిర్చి కలిపి ఉంచుతాను. ఉప్పు, నిమ్మరసం మాత్రం అందరూ కూర్చున్నాకే. తంబుళి వారానికి రెండుసార్లు. ఉడుపిలో బయల్దేరేటప్పుడు ఇంటావిడ వేళ్లతో సహా ఒక సరస్వతి ఆకు తీగ పీకి తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. బాల్కనీ కుండీలో పెట్టాను. నీళ్లు ఎక్కువే తాగుతుంది గానీ, ఇప్పుడు కుండీ అంచు దాటి కిందికి వేలాడుతోంది.