సురయా హసన్ బోస్ స్టూడియో హిమ్రూ: కొనేముందు తిరగేసి చూడండి

నిజాం కాలంలో నవాబుల షేర్వానీలకు వాడిన హిమ్రూ అనే నూలు-పట్టు నేత బట్ట హైదరాబాద్‌లో కొనాలంటే, దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర సురయా హసన్ బోస్ పెట్టిన నేత స్టూడియో పేరే ముందు చెప్పాలి. 2021లో కన్నుమూసిన ఆమె, మూలపడుతున్న ఈ నేతను నిలబెట్టి, భర్తను కోల్పోయిన ఆడవాళ్లకు మగ్గం పని నేర్పించారు.

హిమ్రూకి పడుగు (నిలువు పోగులు) నూలు. బూటాలకు అదనంగా వేసే పేక (అడ్డు పోగులు) పట్టు. ముందువైపు ఎంత నాజూగ్గా ఉన్నా, వెనక్కి తిప్పితే పోగులు వదులుగా కనిపిస్తాయి. అది లోపం కాదు, నేత తీరే అంత. కాకపోతే గాజులు, ఉంగరాలు తగిలితే లాగేస్తాయి. అందుకే నూలు లైనింగ్ తప్పదు. ఆ లైనింగ్‌ని ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే ఇస్త్రీ ఆవిరికే కుంచించుకుపోయి కుట్లు ముడతలు పడతాయి. అంచున పోగులు ఇట్టే జారతాయి, కుట్టు దగ్గర అంగుళం బట్ట వదలమని దర్జీకి గట్టిగా చెప్పండి. ఉతుకు డ్రైక్లీనింగే.

ఎండాకాలం కుర్తాకైతే మష్రూ అనే మరో నేత బట్ట మేలు: పైకి పట్టు మెరుపు, ఒంటికి నూలు. చారలు కుట్ల దగ్గర కలవాలంటే అర మీటరు ఎక్కువ తీసుకోండి. తానుకీ తానుకీ రంగు కాస్త మారొచ్చు, ఒకే తాను నుంచి కోయించుకోండి. పవర్‌లూమ్ జకార్డ్ (యంత్రం మీద నేసిన బూటా బట్ట) ధర చెప్పి ఈ చేనేతకు బేరమాడటం మాత్రం అన్యాయం.