సైటు లెక్కల యాప్: ఇంటి పనికి సరే, సర్కారు పనికి సున్నా

మాది కావలి. చిన్న కాంట్రాక్టరుని. పంచాయతీ సీసీ రోడ్లు, బడి ప్రహరీలు, మధ్యమధ్యలో ఇళ్లు. సామాను లెక్కలకు బ్లాక్‌చెయిన్ యాప్ అని ఒక కుర్రాడు వచ్చి చెబితే నిరుడు 6,000 రూపాయలు కట్టాను. పేరు రాయను, తప్పంతా వాళ్లది కాదు.

పని మాత్రం బాగా చేస్తుంది. లోడు దిగగానే సిమెంటు బిల్లు, ఇనుము హీట్ నంబరు (ఏ విడతలో కరిగించి పోసిన ఇనుమో చెప్పే ఫ్యాక్టరీ నంబరు) ఫొటో తీయాలి. 28 రోజుల క్యూబ్ టెస్ట్ (కాంక్రీటు దిమ్మను నొక్కి బలం చూసే పరీక్ష) కాగితం వచ్చినప్పుడు అదీ ఎక్కించాలి. ప్రతి నమోదులో దాని ముందుదాని గుర్తు కలిసి ఉంటుంది కాబట్టి వెనక్కెళ్లి ఒక్క అంకె మార్చినా బయటపడుతుంది. ఒకసారి మా మేస్త్రి 40 బస్తాలు దిగితే 50 అని కొట్టాడు. చెరపడానికి లేదు, కింద ఇంకో నమోదు వేసి సరిచేశాం. అంటే అబద్ధం ఎక్కిస్తే దాన్నీ అంతే భద్రంగా దాస్తుంది. లోడు దగ్గర మనిషి నిలబడక తప్పదు.

నెల్లూరులో ఇల్లు కట్టించుకుంటున్న అమెరికా సారుకు తెగ నచ్చింది. ఇదివరకు రాత్రి పదకొండింటికి వీడియో కాల్ చేసి "రాడ్డు ఎన్ని ఎం.ఎం. వేశారు?" అని అడిగేవాడు. ఇప్పుడు నాకు నిద్ర. ఆ ఒక్క ఇంటికే డబ్బులు గిట్టాయి.

బడి ప్రహరీ బిల్లుకు ఇవే ప్రింట్లు పట్టుకెళ్తే ఇంజినీరు సారు నవ్వారు. "ఇయ్యన్నీ నీ దగ్గర పెట్టుకోవయ్యా, ఎంబుక్కులో ఎక్కితేనే బిల్లు." ఎంబుక్కంటే చేసిన పని కొలతలు రాసే సర్కారు పుస్తకం. ఆయన్ని అని ఏం లాభం? టెండరు షరతుల్లో లేని కాగితం ఆయన ఎట్లా తీసుకుంటాడు? మా సిమెంటు డీలరు ఈ-ఇన్వాయిస్ (జీఎస్టీ పోర్టల్లో నమోదు చేసే బిల్లు) మోజుపడి నేర్చుకున్నాడా? 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవరు దాటితే తప్పనిసరి అన్నారు, నేర్చుకున్నాడు. 2017లోనే మన రాష్ట్రం భూముల రికార్డులకు బ్లాక్‌చెయిన్ ప్రయత్నించింది. 2021 డిసెంబరులో కేంద్రం జాతీయ వ్యూహపత్రం విడుదల చేసింది. నా ప్రహరీ దాకా ఏదీ రాలేదు.

ఒక్క చట్టం మాత్రం పనికొచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం ప్రకారం కోర్టుకిచ్చే ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్లో హ్యాష్ విలువ (ఫైలును బట్టి లెక్కగట్టే గుర్తు, ఫైలులో ఒక్క అంకె మారినా ఇదీ మారిపోతుంది) రాయాలి. యాప్ దాన్ని ఒక్క నొక్కుతో ఇస్తుంది. వకీలైన మా బావమరిది మెచ్చుకున్నది ఇదొక్కటే.

ఈ ఏడు ప్రైవేటు ఇళ్ల వరకే రెన్యూ చేశాను. 5కి 3 స్టార్లు. తెలుగులో కొడితే ప్రింటులో డబ్బాలు వస్తున్నాయి, ముందు అది సరిచేయండి.