ఇన్‌స్టా పేజీల్లో చీరలు కొనేవాళ్లకు: డబ్బు పంపేముందు ఇది చదవండి

‘ప్యూర్ గద్వాల్ పట్టు, 1,999 మాత్రమే, స్టాక్ తక్కువ, సీవోడీ (చీర అందాక డబ్బు కట్టడం) లేదు.’ ఇలాంటి పోస్టు కనిపిస్తే దయచేసి ఆగండి. మగ్గం మీద నేసిన గద్వాల్ పట్టు ఆ ధరకు రానే రాదు. పంపితే పాలిస్టర్ చీర పంపుతారు, లేదంటే డబ్బు పడగానే మీ నంబరు బ్లాక్ చేస్తారు.

ముందు ప్రొఫైల్ పైన మూడు చుక్కలు నొక్కి ‘ఎబౌట్ దిస్ అకౌంట్’ చూడండి. పేజీ ఎప్పుడు మొదలైందో, పేరు ఎన్నిసార్లు మార్చారో తెలుస్తుంది. నిన్నటిదాకా వేరే పేరుతో నడిచి ఇవాళ చీరల కొట్టయితే వదిలేయండి. కామెంట్లు ఆపేసిన పేజీ కూడా అంతే. జీఎస్టీ నంబరు ఇస్తే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి. అందులో అంకెలూ అక్షరాలూ కలిపి 15 ఉంటాయి, తెలంగాణవి 36తో, ఆంధ్రావి 37తో మొదలవుతాయి. ఇంట్లోంచి అమ్ముకునే చిన్నవాళ్లకు జీఎస్టీ లేకపోవచ్చు, అది తప్పు కాదు. అలాంటివాళ్లను వీడియో కాల్‌లో అదే చీర విప్పి చూపించమనండి. నిజంగా చీర దగ్గరున్నవాళ్లు చూపిస్తారు.

యూపీఐలో పిన్ కొట్టేముందు తెరమీద వచ్చే పేరు చదవండి. పేజీ పేరొకటి, ఖాతా పేరొకటి అయితే ఎందుకో అడగండి. సరైన జవాబు రాకపోతే పంపకండి.

పార్శిల్ వచ్చాక చిరునామా లేబుల్ దగ్గర నుంచి చీర మొత్తం విప్పేదాకా ఒకే వీడియో తీయండి, మధ్యలో ఆపొద్దు. తర్వాత చీర తిరగేయండి. అసలు గద్వాల్‌లో అంచు చీర ఒంటికి, అంటే మధ్య భాగానికి, కలిసేచోట పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి, ప్రింటు చీరలో ఆ కలయికే ఉండదు. కొంగు చివర ఒక పోగు లాగి కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగి పొడి అయిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. చీర ఒంట్లోని పోగు మాత్రం కాల్చి తేల్చకండి, సంప్రదాయ గద్వాల్‌లో ఒళ్లు నూలే, అంచూ కొంగూ పట్టు.

అసలు దెబ్బ రిఫండ్ దగ్గర పడుతుంది. మీరు ఎక్కడో కోపంగా కామెంట్ పెడితే ‘కస్టమర్ కేర్’ అంటూ ఇంకొకడు తగులుకుంటాడు. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు, లేదా స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచే పోతుంది.

మోసపోయామని తెలిసిన వెంటనే చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసుకోండి, అవతలివాడు మెసేజీలు తుడిచేయొచ్చు. 12 అంకెల యూటీఆర్ నంబరు (యూపీఐ చెల్లింపు వివరాల్లో ఉండే లావాదేవీ నంబరు) దగ్గర పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. నకిలీ చీర పంపి వాపసు తీసుకోని కొట్టయితే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పార్శిల్ విప్పిన వీడియో అక్కడ పనికొస్తుంది.