బగ్గీకి గుర్రం కొనేటప్పుడు: బండి నేర్చిన పోనీయా, సంత నుంచి తెచ్చే కుర్ర మార్వాడీయా, రేసులు మానిన గుర్రమా?

పెళ్లి ఊరేగింపు బగ్గీ కోసమైనా, పొలం దగ్గర సొంతంగా తోలుకునే చిన్న బండి కోసమైనా, ఇవాళ మన ప్రాంతంలో గుర్రం కొనదలచినవారికి సాధారణంగా మూడు రకాల జంతువులు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి బండి లాగిన పోనీ, అంటే పొట్టి రకం గుర్రం, ఒకటి; ఉత్తరాది సంతల నుంచి తెచ్చిన కుర్ర మార్వాడీ లేదా కాఠియావాడీ గుర్రం రెండవది; మలక్‌పేట వంటి రేసుకోర్సుల్లో పరుగు మానిన థరోబ్రెడ్ మూడవది. మొదటిసారి కొనేవారికి, ఇంట్లో పిల్లలను బండెక్కించదలచినవారికి, మొదటిదే మేలని నా గట్టి అభిప్రాయం. మిగిలిన రెండూ చెడ్డవని కాదు. బండి పని వాటికి ఇంకా రాదు, నేర్పే చేయి మనకు ఉండాలి.

జీను వేసి ఎక్కనిచ్చే గుర్రం బండికి కూడా ఒదుగుతుందని చాలామంది అనుకుంటారు. సవారీలో మనిషి బరువు, కాళ్ల ఒత్తిడి, స్వరం గుర్రానికి ధైర్యమిస్తాయి. బండిలో మనిషి వెనకెక్కడో ఉంటాడు, బండి నుంచి రెండు పక్కలా ముందుకు వచ్చే కర్రలు, అంటే నొగలు, ఒంటికి తగులుతుంటాయి, కంటికి కనబడని చక్రాలు వెంట తరుముతున్నట్టు మోగుతుంటాయి. నేను మొదట కొన్న గుర్రం సవారీకి ఎంతో నెమ్మది. దాన్ని సరాసరి నొగల మధ్యకు తెచ్చిన రోజున, చక్రం కంకర మీద దొర్లిన చప్పుడుకే అది బెదిరి పరుగందుకుంది. ఒక నొగ విరిగింది, గుర్రం తొడ చీరుకుంది. తప్పు పూర్తిగా నాదే. పొడవాటి పగ్గాలు పట్టి వెనక నడుస్తూ తోలడం, ఆ తరువాత పాత టైరో మొద్దో లాగించడం, చప్పుడుకు అలవాటు పడ్డాకే ఖాళీ బండికి పూన్చడం అనే క్రమాన్ని ఓపికగా నెలల తరబడి నడిపితేనే బండి గుర్రం తయారవుతుంది. బండి నేర్చిన పోనీకి మనం ఎక్కువ ధర ఇస్తున్నామంటే, ఎవరో పడిన ఆ శ్రమకే ఇస్తున్నాం.

రేసులు మానిన గుర్రం చవగ్గా దొరకవచ్చు, చూపుకు నిండుగా ఉంటుంది. కానీ దాని పుట్టుకే వేగం కోసం; వెనక చప్పుడైతే ముందుకు దూకడమే చిన్నప్పటి నుంచి దానికి తెలిసిన పని. పలుచని చర్మం కావడంతో పట్టీలు ఒరుసుకుని పుండ్లు పడతాయి, పరుగులో బెణికిన కాళ్ల నరాలు తారురోడ్డు మీద మళ్లీ బాధిస్తాయి. మేత ఖర్చూ ఎక్కువే. ఎండుమేత లెక్కన గుర్రం రోజుకు తన బరువులో సుమారు రెండు, రెండున్నర శాతం తింటుంది కనుక, 450 కిలోల గుర్రానికి పది కిలోల దాకా కావాలి. 220 కిలోల పోనీకి ఐదు కిలోలు చాలు. ఉలవ గుగ్గిళ్లూ తవుడూ ఈ లెక్కలోవే.

మార్వాడీ, కాఠియావాడీ జాతుల అందం వేరు. లోపలికి వంగి కొనలు కలిసే ఆ చెవుల కోసమే కొనేవారున్నారు. కార్తిక పౌర్ణమికి పుష్కర్‌లో, మార్గశిర పౌర్ణమికి మహారాష్ట్రలో తాపీ ఒడ్డున సారంగఖేడాలో జరిగే సంతల్లో ఇవి విరివిగా అమ్ముడవుతాయి. కాని అక్కడ ధర ఎక్కువగా ఎత్తును, రంగును, ఒంటి మీది వెంట్రుకల సుడులను బట్టి పలుకుతుంది. సుడి ఎక్కడుందన్నది బండి లాగే గుణం గురించి ఏమీ చెప్పదు. బాజాకు నాట్యమాడే గుర్రాన్ని బండి గుర్రమని నమ్మడం ఇంకా ప్రమాదం. డప్పు వినగానే ఉన్నచోటే ఎగిరి గంతులేయడం నేర్చిన జంతువు నొగల మధ్య కూడా అదే చేస్తుంది. ఊరేగింపు బగ్గీకి కావలసింది డప్పుల మధ్య కదలకుండా నిలబడే గుర్రం. అనుభవమున్న శిక్షకుడు దగ్గరుండి, సంవత్సరం ఆగగల ఓపిక ఉంటే మాత్రం నాలుగైదేళ్ల మార్వాడీని తెచ్చి తయారు చేసుకోవడం మంచి ఆలోచనే.

ఇక పోనీ విషయంలో భయపడవలసింది వయసు గురించి కాదు, అరుగుదల గురించి. వయసును పళ్లే చెబుతాయి: ఐదేళ్లకు గుర్రం నోట పాలపళ్లు పోయి ముందు పళ్లన్నీ శాశ్వతమైనవి వస్తాయి. పై వరుస మూల పంటి మీద పదేళ్ల ప్రాంతంలో చిగురు దగ్గర మొదలయ్యే గాడి, పదిహేనేళ్లకు సగం దాకా, ఇరవై ఏళ్లకు కొస దాకా దిగుతుంది. బాగా చూసుకున్న గుర్రం పాతికేళ్లు బతుకుతుంది కనుక పన్నెండేళ్ల పోనీలో ఇంకా చాలా పని మిగిలే ఉంటుంది. అయితే బాడుగ బండి లాగిన పోనీకి పగ్గం లాగిలాగి నోరు మొద్దుబారి ఉండవచ్చు, రొమ్ము మీద, వీపు మీద పాత పుండ్ల మచ్చలుండవచ్చు, లాడాలు సరిగా వేయక గిట్టలు పగిలి ఉండవచ్చు. వీటిలో చాలావరకు ఓపికతో సర్దుకునేవే. కుంటిని మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకూడదు.

ఏది కొన్నా చూడవలసిన పద్ధతి ఒకటే. ముందుగా చెప్పకుండా అమ్మేవారి దొడ్డికే వెళ్లాలి. మనం వెళ్లేసరికే గుర్రాన్ని బండికి కట్టి, చెమటతో సిద్ధంగా ఉంచితే అనుమానించాలి. మొదటి దుడుకును అలా తోలి తీర్చేవారున్నారు. కొట్టం నుంచి తేవడం, పట్టీలు వేయడం, నొగల మధ్యకు వెనక్కు నడిపించడం అన్నీ మన కళ్లముందే జరగాలి. బండి ఎక్కుతున్నప్పుడు అది అడుగైనా కదలకుండా నిలబడుతుందా అన్నది నాకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష. నడవడం ఏ గుర్రమైనా నడుస్తుంది. తరువాత లారీ హారన్ల మధ్య, కుక్కల మధ్య, పల్లం దిగేటప్పుడు చూడాలి. పల్లంలో బండి బరువు తొడల వెనక పట్టీ మీదకు వస్తుంది. దానికి అలవాటు లేనిది తన్నడానికి చూస్తుంది. రెండు చక్రాల బండిలో బరువు వెనక్కు పోతే నొగలు పైకి లేచి పొట్టపట్టీ బిగుస్తుంది. జట్కా సాయిబులు “కాస్త ముందుకు జరగండి బాబూ” అనేది గుర్రం సుఖం కోసమే. చివరగా పగ్గాలు మన చేతికి తీసుకోవాలి, అమ్మేవారు పక్కన కూర్చోవాలి.

ఆడగుర్రమైనా, విత్తు కొట్టించిన మగదైనా ఫరవాలేదు. కొట్టించని మగగుర్రం కొత్తవారికి వద్దు.

కొనే ముందు పశువైద్యుడి చేత రక్తపరీక్ష చేయించడం తప్పనిసరి. గ్లాండర్స్ మనుషులకూ సోకే జబ్బు, తేలితే గుర్రాన్ని చంపక తప్పదు. బాడుగకు తిప్పదలచినవారు బండి లాగే జంతువులపై క్రూరత్వ నివారణకు కేంద్రం 1965లో చేసిన నియమాలను చదువుకోవాలి: రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు కట్టరాదు. మన ఎండాకాలంలో ఇది నెలల తరబడి వర్తిస్తుంది. ముంబయిలో విక్టోరియా అనే గుర్రపు బండ్ల విహారం చట్టవిరుద్ధమని 2015లో బొంబాయి హైకోర్టు తేల్చింది కనుక, తమ ఊరి నిబంధనలనూ ముందే కనుక్కోవాలి.

అమ్మేవారికి ఒక మాట. పోనీతోపాటు దానికి అలవాటైన కళ్లెం, కళ్ల గంతలు ఇచ్చి పంపండి. ఏ చప్పుడుకు బెదురుతుందో, ఏ మాటకు ఆగుతుందో కాగితం మీద రాసివ్వండి. కొత్త చేతికి మొదటి వారం గడిచేది ఆ కాగితంతోనే.