డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్: తొలి పాట వీడియోకి సరిపోతుందా?

ఈ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ హాయిగా సరిపోతుంది. డబ్బు కట్టే స్టూడియో వెర్షన్ ఎఫెక్టుల జోలికి పోనంతవరకు వాటర్‌మార్క్ పడదు. అసలు బలం లిప్ సింక్‌లో ఉంది: షూటింగ్‌లో స్పీకర్లో పాట గట్టిగా పెట్టి, ఫోన్ మైక్ ఆన్‌లోనే ఉంచండి. తర్వాత క్లిప్పునూ పాటనూ ఎంచుకుని వేవ్‌ఫామ్‌తో (శబ్ద తరంగాల ఆకారంతో) ఆటో సింక్ కొడితే పెదవులు పదాలకు అతుక్కుంటాయి.

తేడా కొట్టేది ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది. ఫోన్‌లో 25 పెట్టి తీసినా అది కాస్త ఊగుతుంది; పల్లవిలో కుదిరిన పెదవులు రెండో చరణానికి జారిపోతాయి. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ (మారని) 25 చేసుకోండి. రిజాల్వ్‌లో క్లిప్పులు పేర్చే టైమ్‌లైన్ రేటూ ముందే 25 పెట్టాలి, క్లిప్పులు పడ్డాక మారదు.

ట్యూబ్‌లైట్ల కింద ఫోన్ కెమెరా షట్టర్ 1/50 సెకను పెట్టండి. చారలు పడ్డాయా, వాటిని తగ్గించే డీఫ్లికర్ డబ్బు కట్టే స్టూడియోలోనే ఉంది.