నాలుగు నెలలు పసుపులో ఉండే కర్కుమిన్ క్యాప్సూల్స్ వాడా, రెండు స్టార్లే ఎందుకిచ్చానంటే

నాకు టీ10 దగ్గర, అంటే నడుముకి కాస్త పైన, స్పైనల్ కార్డ్ (వెన్నుపాము) ఇంజురీ, ఇన్‌కంప్లీట్, అంటే పూర్తిగా తెగిపోలేదు, రెండేళ్లయింది. డబ్బా మీద "నర్వ్ రికవరీ, క్లినికల్లీ ప్రూవ్డ్" అని కనబడేసరికి ఆర్డర్ పెట్టేశా, మనలాంటోళ్ళకి రికవరీ అన్న మాట చూస్తే చెయ్యి ఆగదు కదా. రోజుకి రెండు క్యాప్సూల్స్, ఒక్కోదాంట్లో కర్కుమిన్ 500 మిల్లీగ్రాములు, పైపరిన్ అంటే మిరియాల్లో ఘాటు 5 మిల్లీగ్రాములు.

పైపరిన్ ఎందుకంటే, కర్కుమిన్ లోపలికెళ్ళగానే పేగులూ లివర్ కలిసి దాన్ని బయటికి తోసేస్తాయి, పైపరిన్ ఆ తోసే పనికి అడ్డంపడుతుంది. 1998లో మనుషులకి 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూశారు, డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న "20 రెట్లు", అంటే రక్తంలోకి చేరే కర్కుమిన్ అన్ని రెట్లు పెరుగుతుందని, అక్కడిదే. లెక్క కూడా అదే పాళ్ళలో కలిపారు, ఆ విషయంలో మోసం లేదు. కాకపోతే ఆ పెరగడం మింగిన మొదటి గంటలోనే కనబడింది, అది మాత్రం డబ్బా మీద రాయలేదు.

అసలు తిరకాసు ఇంకోటి. "ప్రూవ్డ్" అంటే ఏ స్టడీ అని కస్టమర్ కేర్‌ని అడిగితే ఒక పీడీఎఫ్ పంపారు, చూస్తే అందులో ఉన్నవి ఎలకలు! వెన్నుపాముకి దెబ్బ తగిలాక మొదటి గంటల్లో, రోజుల్లో వాపు వల్ల బతికున్న కణాలు కూడా పోతాయి, డాక్టర్లు దాన్ని సెకండరీ ఇంజురీ అంటారు. కర్కుమిన్ ఎన్ఎఫ్ కప్పా బీ అనే వాపు స్విచ్‌ని తగ్గిస్తుంది కాబట్టి దెబ్బ తగిలిన వెంటనే మొదలుపెట్టిన ఎలకలు కాస్త బాగా నడిచాయి, నడకకి 0 నుంచి 21 దాకా మార్కులేస్తారు లెండి. మంచిదే, కానీ నాకు దెబ్బ తగిలి రెండేళ్లు, అప్పటి మంట ఆరిపోయి లోపల మచ్చ కట్టేసింది, ఇప్పుడు మింగితే ఏ స్విచ్ ఆపుతుంది అది?

నా సంగతికొస్తే, నాలుగు నెలల తర్వాత ఫిజియో మళ్ళీ ఆసియా స్కోర్ (వెన్నుపాము దెబ్బకి కండరాల బలం, స్పర్శ కొలిచే పరీక్ష) తీస్తే మోటార్‌లో, అంటే కండరాల బలంలో, ఒక్క పాయింట్ కదల్లేదు, సూదితో గుచ్చి చూసే పిన్ ప్రిక్ కూడా పాతదే. కాళ్ళల్లో మంట నొప్పి కొంచెం తగ్గినట్టుంది గానీ అదే నెలలో నా ప్రీగాబలిన్ (నరాల నొప్పి మందు) డోస్ పెంచారు, కాబట్టి ఆ క్రెడిట్ దీనికి ఇవ్వలేను. స్పాస్టిసిటీ, అంటే కండరాలు బిగుసుకుపోవడం, ఎప్పటిలాగే. పైగా మొదటి మూడు వారాలు మోషన్ పల్చబడి నా బవెల్ ప్రోగ్రామ్ (టైమ్ ప్రకారం మోషన్ అయ్యేలా చేసుకునే రొటీన్) మొత్తం తలకిందులైంది, వీల్‌చైర్‌లో ఉండేవాళ్ళకి అదెంత నరకమో వేరే చెప్పక్కర్లేదు.

మా రీహాబ్ డాక్టర్‌కి చెప్తే ఫస్ట్ అడిగింది బ్లడ్ థిన్నర్ వాడుతున్నావా అనే, ఎందుకంటే బ్లీడింగ్ రిస్క్ పెరగొచ్చు. పైపరిన్ వల్ల ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటి ఫిట్స్ మందులు రక్తంలో ఎక్కువైపోవచ్చట. పసుపు సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి, ఇటలీలో 2022లో లేబుల్ మీద వార్నింగ్ తప్పనిసరి చేశారు, ఈ డబ్బా మీద మాత్రం ఒక్క ముక్క లేదు.

ఒక స్టార్ కొలతలు నిజాయితీగా రాసినందుకు, ఇంకోటి ప్యాకింగ్‌కి అనుకున్నా గానీ ఆ మూత నొక్కి తిప్పాలి, నాకు చేతులు బానే ఉన్నాయి కాబట్టి సరిపోయింది, మెడ దగ్గర ఇంజురీ అయినవాళ్ళు ఎలా తీస్తారో మరి. సరే ఆ స్టార్ పీడీఎఫ్ పంపిన అమ్మాయికి, పాపం అడగ్గానే పంపింది.